మాటవరసకి అన్న మాట

మా పిన్ని కళ్ళు తయారుచేసేది.

చిన్నప్పుడు ఈ మాట బళ్ళో చెబితే కోతలు కోస్తున్నానని నవ్వేవాళ్ళు. కానీ అంతకంటే తిన్నగా చెప్పడానికి నాకు ఇంకో మాట దొరికేది కాదు. ప్రమాదంలోనో, జబ్బుచేసో కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్ళకి ఆ గుంటలో పెట్టుకోవడానికి ఒక కన్ను కావాలి. దాంతో చూడలేరు గానీ నలుగురిలోకీ వెళ్ళగలరు. అలాంటి కళ్ళు పిన్ని ఇరవై ఆరేళ్ళపాటు చేసింది.

కంటి ఆసుపత్రి వెనక, మందులు దాచే గిడ్డంగి పక్కన, ఈ పనికి రెండు గదులుండేవి. ముందు గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉండేవి. ఒకదాన్లో వచ్చినవాళ్ళు, ఇంకోదాన్లో పిన్ని. వెనక గదిలో అచ్చులు పోసే బల్ల, సానపట్టే చక్రం, ఎప్పుడూ సలసలా కాగుతుండే ఒక నీళ్ళ గిన్నె. ముందు గదికి ఉన్నది ఒకటే కిటికీ. ఎండ నేరుగా పడితే రంగు మోసం చేస్తుందని, ఎండ పడని వైపు గోడ పగలగొట్టించి మరీ ఆ కిటికీ పెట్టించారట మాస్టారు.

మాస్టారంటే పిన్నికి ఆ పని నేర్పినాయన. ఆయన అసలు పేరు ఆసుపత్రి జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆయన మాస్టారే.

పిన్నికి ఇరవై ఒకటో ఏడు. చదువైపోయి, ఏ పనీ దొరక్క ఇంట్లో ఉంది. అమ్మమ్మని కళ్ళజోడు కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు గోడమీద ఒక కాగితం చూసింది. సన్నటి కుంచెతో పనిచేయగల మనిషి కావాలని ఉంది. అమ్మమ్మని వరసలో కూర్చోబెట్టి, వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళింది. మాస్టారు ఏమీ అడగలేదట. చొక్కా గుండీ అంత తెల్లటి బిళ్ళ ఒకటి చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, "నా కన్ను చూసి వెయ్యి" అన్నారట.

పిన్ని గంటసేపు ఆయన కంట్లోకి చూసి వేసింది. వేసి, "మీ నల్లగుడ్డు కింది అంచున తేనెరంగు చుక్క ఉందండీ" అంది.

"ఎక్కడ?"

"ఎడమ కంట్లో. ముక్కు వైపుకి."

ఆయన అద్దం తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూసుకున్నారట. "ఏభై ఆరేళ్ళుగా నా మొహం మీదే ఉంది. మా ఆవిడ కూడా ఎప్పుడూ చెప్పలేదే" అన్నారట. మర్నాటి నుంచి రమ్మన్నారు. అమ్మమ్మ వంతు ఎప్పుడో అయిపోయి, కూతురు తప్పిపోయిందని ఆసుపత్రి అంతా గాలిస్తోంది ఆ వేళకి. ఈ సంగతి చెప్పేటప్పుడు పిన్ని అమ్మమ్మలా నడిచి చూపించేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

పని నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ముందు ఆ గుంట కొలతకి మైనంతో అచ్చు తీయాలి. దాన్నిబట్టి పళ్ళసెట్లకి వాడేలాంటి గట్టి పదార్థంతో తెల్లగుడ్డు పోయాలి. నల్లగుడ్డు మాత్రం చేత్తోనే వెయ్యాలి, ఎదురుగా ఉన్న మనిషి రెండో కన్ను చూస్తూ. తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగుల్ని విడదీసి, వెంట్రుకలో సగం మందం చేసి అంటించాలి. ఒకసారి ఒక ముసలాయన వచ్చి, "నాకు నిద్ర తక్కువమ్మా. బాగున్న కన్ను ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. దీనికీ రెండు పోగులు ఎక్కువెయ్యి. లేకపోతే ఒక కన్ను తాగినట్టూ, ఒకటి తాగనట్టూ ఉంటాను" అన్నాడట. పిన్ని నాలుగు పోగులు ఎక్కువేసింది.

పిల్లలు వచ్చినప్పుడు మాత్రం మాస్టారు చేతులెత్తేసేవారు. వాళ్ళు కుర్చీలో కుదురుగా ఉండరు. ఏడుస్తారు. పిన్ని వచ్చాక ఆ కష్టం తీరిపోయింది. రంగు వేస్తూనే కథ చెప్పేది. కథలో ఉత్కంఠగా ఉన్న చోట ఆపి, "కదిలావంటే తర్వాత ఏమైందో చెప్పను" అనేది. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. కన్ను పెట్టించుకుని వెళ్ళిపోయినవాళ్ళు కూడా కథ మిగిలిపోయిందని అమ్మానాన్నల్ని పీక్కుని మళ్ళీ వచ్చేవాళ్ళు.

నిజానికి పిన్నికి టీచరు కావాలని ఉండేది. చిన్నపిల్లలకి, మొదటి తరగతి వాళ్ళకి. మా అమ్మకి ఆ సంగతి తెలుసు. పిన్నికి ఇరవై ఆరేళ్ళప్పుడు టీచర్ల శిక్షణకి దరఖాస్తు తెచ్చి, తనే నింపి, పిన్ని చేత సంతకం పెట్టించి పంపింది. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది, చోటు దొరికిందని. మూడు వారాల్లో వచ్చి చేరాలి.

"మాస్టార్ని ఒక్క మాట అడిగి చెప్తానక్కా" అంది పిన్ని.

"ఆయన్ని అడిగేదేముంది? నీ బతుకు నీది" అంది అమ్మ.

"అడగాలక్కా. పని నేర్పించిన మనిషి."

ఆ అడగడం ఎలా జరిగిందో పిన్ని మాకు ఎన్నోసార్లు చెప్పింది. మధ్యాహ్నం పూట. మాస్టారు సానచక్రం దగ్గర ఉన్నారు. ఉత్తరం చూపించి, "ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. ఆయన చక్రం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. "టీచర్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఇలాంటి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? సుద్దముక్కలు పట్టుకుని పాడుచేసుకుంటావా?" అన్నారు. తర్వాత, "ఆ గుడ్డ ఇలా అందుకో" అన్నారు. పిన్ని అందించింది. అంతే.

మూడు వారాలూ గడిచిపోయాయి. అమ్మ నెలరోజులు పిన్నితో మాట్లాడలేదు.

ఇది చెప్పేటప్పుడు పిన్ని మొహంలో విచారం ఉండేది కాదు. గొప్పగా చెప్పుకునేది. "మాస్టారు నన్ను వదులుకోలేదే. అంత మాట ఇంకెవరి గురించీ ఆయన అన్లేదు" అనేది. ఆ మాట ఆవిడకి ఒక ఆస్తి. పని విసుగేసిన రోజున, ఎవరైనా కన్ను బాగాలేదని దులిపేసి వెళ్ళిన రోజున, సంబంధం తప్పిపోయిన రోజున దాన్ని తీసి చూసుకునేది.

సంబంధాలు చాలానే వచ్చాయి. పిన్ని వెళ్ళి కూర్చుని, వచ్చినాయన కళ్ళలోకే చూస్తూ ఉండేది. ఇంటికొచ్చాక అమ్మ, "ఎలా ఉన్నాడే?" అంటే, "కుడి కన్ను ఎడమదానికంటే ఒక వాసి లేతగా ఉందక్కా" అనేది. ముప్పై అయిదు దాటాక అమ్మ అడగడం మానేసింది. మా ఇంట్లో వెనక గది పిన్ని గది అయింది. నాకు జడలు వేసింది, లెక్కలు నేర్పింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది. నాకు ఇద్దరమ్మలున్నారని అనుకునేదాన్ని.

డెబ్భై నిండాక మాస్టారు పని మానేశారు. భార్య అప్పటికే పోయింది. రెండు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పిన్ని ఏడాదికి రెండుమూడుసార్లు వెళ్ళి చూసి వచ్చేది. గదుల తాళాలు పిన్ని చేతికి వచ్చాయి. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆవిడే చేసింది, ఒక్కతే.

పిన్నికి నలభై ఏడో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది.

మొదట టీ కప్పులో తెలిసింది. కప్పు సాసర్ మీద పెట్టేటప్పుడు టకటకమని చప్పుడు. అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిన్ని ఆ మర్నాటి నుంచి గ్లాసులో తాగడం మొదలుపెట్టింది. పని దగ్గర మోచెయ్యి బల్లకి ఆనించి, ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేసేది. ఒక నల్లగుడ్డుకి గంటన్నర పట్టేది కాస్తా రెండు రోజులు పట్టసాగింది.

ఒక రోజు ఆరేళ్ళ పాప వచ్చింది. పుట్టుకతో వచ్చిన జబ్బుకి ఒక కన్ను తీసేశారు. కథ మధ్యలో ఆ పాప, "ఆంటీ, మీకు చలేస్తోందా?" అని అడిగింది. పిన్ని అవునంది. పాప లేచి వెళ్ళి తిరుగుతున్న ఫ్యాన్ ఆపి వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఆ కన్ను మూడుసార్లు చేసింది పిన్ని. మొదటిది తనే పారేసింది. రెండోదీ పారేసింది. మూడోది పెట్టి చూపిస్తే వాళ్ళమ్మ, "చాలా బాగుందండీ. మీ రుణం తీర్చుకోలేం" అంది. సామాను సర్దుకుని బయటికి వెళ్ళారు. కిటికీలోంచి పిన్ని చూస్తూ ఉంది. చెట్టు నీడలో ఆగి, ఆ తల్లి దువ్వెన తీసి, పాప జుట్టు ఆ కంటిమీదకి పడేలా దువ్వింది. ఒకసారి దూరంగా జరిగి చూసింది. మళ్ళీ ఇంకొంచెం ముందుకి దువ్వింది.

ఆ రోజు పిన్ని పెందరాళే ఇంటికి వచ్చేసింది.

నరాల డాక్టరు పరీక్షలు చేసి, ఈ వణుకు తగ్గదన్నాడు. పెరుగుతుందన్నాడు. రెండో చేతికి కూడా రావచ్చన్నాడు. "ప్రాణానికి మాత్రం ఏం భయం లేదు" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

"ప్రాణం సంగతి నేనడగలేదండీ" అంది పిన్ని.

ఆసుపత్రివాళ్ళు మంచిగానే మాట్లాడారు. ముందు హాల్లో కిటికీ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి చీటీలిచ్చే పని ఉంది, చెయ్యి కుదురుగా లేకపోయినా ఫరవాలేదు, కావాలంటే అందులో చేరమన్నారు. అమ్మ కళ్ళుమూసుకుని ఒప్పుకోమంది. పిన్ని ఒకటే మాటంది.

"మాస్టార్ని అడిగి చెప్తాను."

ఈసారి అమ్మ ఏమీ అనలేదు. పిన్నికి తోడు వెళ్ళమని నాకు చెప్పింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. సెలవు పెట్టి వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా పిన్ని హుషారుగా ఉంది. "ఆయనకి తప్పకుండా ఏదో ఒకటి తడుతుంది చూడు. నా గురించి నాకంటే ఆయనకే బాగా తెలుసు" అంది. వాళ్ళిల్లు మూడో అంతస్తు. మెట్లన్నీ ఆగకుండా ఎక్కేసింది. నేనే ఆయాసపడ్డాను.

మాస్టారు బాల్కనీలో కూర్చుని పేపరు చదువుతున్నారు, కళ్ళజోడు లేకుండా. ఎనభై రెండేళ్ళు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. "రా అమ్మాయ్, రా. ఈ పిల్లెవరు, మీ అక్క కూతురా? చిన్నప్పుడు మన గదికొచ్చి మైనం నోట్లో పెట్టుకుంది, ఆ పిల్లేనా?" అన్నారు. ఆ సంగతి నాకే గుర్తులేదు. పిన్ని నవ్వింది. కూతురు మాకు టీ తెచ్చిచ్చి లోపలికి వెళ్ళింది. పిన్ని టీ ముట్టుకోలేదు.

కాసేపు పాత కబుర్లు చెప్పుకున్నారు. ఆయన జ్ఞాపకశక్తి చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఫలానా లారీ డ్రైవరుకి ఏ రంగులు కలిపి వేశారో చెప్పారు. పిన్ని చేరిన రోజు వేసుకున్న చెప్పులో ఒకదానికి పట్టీ తెగి ఉందని చెప్పారు. నిద్రపట్టని ముసలాయన మాట చెప్పి, ఎన్ని పోగులు ఎక్కువేసిందో కూడా చెప్పారు.

అప్పుడు పిన్ని చెయ్యి సంగతి చెప్పింది. పాప గురించీ, దువ్వెన గురించీ కూడా చెప్పింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆ దువ్వెన మాట. నేనూ అప్పుడే విన్నాను.

"ఏదీ, ఇలా ఇయ్యి" అని మాస్టారు చెయ్యి చాపారు. పిన్ని కుడిచేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నారు. గట్టిగా పట్టుకుంటే ఆగుతుందేమోనని చూసినట్టుంది. ఆగలేదు. ఆయన చేతులు కూడా దాంతోపాటు కదులుతున్నాయి.

"ఈ పని ఇంక వదిలెయ్యమ్మా" అన్నారు చివరికి. "అవతల మనిషి మొహంతో పని. మనసు చంపుకుని చెయ్యకూడదు."

"వదిలేశాను మాస్టారూ. ఇప్పుడేం చెయ్యమంటారో చెప్పండి. చీటీల పని ఇస్తామంటున్నారు."

"చీటీలా? ఛ, అదేం పని నీకు?" ఆయన మొహం ఒక్కసారి వెలిగింది. "అమ్మాయ్, నువ్వు టీచరువి కావాల్సినదానివి. పిల్లలు నీ ముందు ఎలా కూర్చునేవాళ్ళో చూశాను కదా. ఎప్పుడూ అనుకునేవాణ్ణి, ఈ పిల్ల ఇక్కడ చిక్కుకుపోయిందేమిటా అని. ఎందుకు వెళ్ళలేదు నువ్వు? వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది."

పిన్ని ఆయన వైపే చూస్తోంది. పొరపాటున విన్నానేమో అన్నట్టు కొంచెం ముందుకి వంగింది.

"మీరే కదా వద్దన్నారు."

"నేనా? ఎప్పుడు?"

"ఉత్తరం తెచ్చి చూపించాను. శిక్షణకి చోటొచ్చిందని. మీరు సాన దగ్గరున్నారు. టీచర్లు వీధికి పదిమంది దొరుకుతారు, ఇలాంటి చెయ్యి దొరకదు అన్నారు."

మాస్టారు ఆలోచించారు. నిజాయితీగా ఆలోచించారు. నుదురు ముడిపడింది, పెదాలు కదిలాయి. చెప్పు పట్టీ గుర్తున్న మనిషి. ఎంత వెతికినా అది మాత్రం దొరకలేదు ఆయనకి.

"ఉత్తరమా?" అన్నారు. "నాకు గుర్తులేదమ్మా. అని ఉంటానేమో. పనిలో ఉండి మాటవరసకి ఏదో అని ఉంటాను. ఎవరైనా అంటారు కదా అలా, మంచి పనివాళ్ళు వెళ్తామంటే. నువ్వు మళ్ళీ అడుగుతావనుకుని ఉంటాను. దానికే నువ్వు..."

మాట పూర్తిచెయ్యలేకపోయారు. పిన్ని మొహంలో ఏం కనపడిందో గానీ ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

పిన్నే ముందు తేరుకుంది. "అదేం లేదు మాస్టారూ. నాకే వెళ్ళాలనిపించలేదు. మీ మాట ఒక వంక, అంతే" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు నేనిదివరకెప్పుడూ చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. ఆయన చేతుల్లోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. ఇంకో పావుగంట కూర్చుని, ఆయన మందుల సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగి, లేచింది. మాస్టారు మెట్ల దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన ఏదో అడగబోతున్నారని తెలుస్తూనే ఉంది. పిన్ని వెనక్కి తిరగలేదు.

బస్సు సగం దారి దాటింది. అప్పుడు అడిగింది పిన్ని.

"ఆయన అబద్ధం ఆడలేదు కదా?"

"లేదు పిన్నీ. నిజంగానే గుర్తులేదు."

"అదే" అంది. మళ్ళీ కాసేపటికి, "అబద్ధమైనా బాగుండేది" అంది.

ఇంటికొచ్చాక అమ్మ ఆత్రంగా, "ఏమన్నారు?" అని అడిగింది. "గుర్తులేదన్నారు" అని చెప్పి, పిన్ని బట్టలు ఉతకాలని పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నేను వెళ్ళి చూస్తే బకెట్ నిండి పొర్లిపోతోంది. పిన్ని ఉతికే బండ మీద కూర్చుని, పొడి బట్టల్ని ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళ చప్పుడు కింద ఏడుస్తోంది. నన్ను చూసి, "కుళాయి కట్టకు" అంది. నేను కట్టకుండా వచ్చేశాను. అమ్మకి జరిగిందంతా చెప్పాను. ఇన్నేళ్ళూ మాస్టారంటే మండిపడిన అమ్మ, ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అనలేదు. గోడకి జేరబడి కూర్చుండిపోయింది.

చీటీల పనిలో పిన్ని చేరలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడి ఉంది. శిక్షణ లేదు గనక టీచరుగా తీసుకోరు. టీచరుకి సాయంగా ఉండే మనిషి కావాలంటే వెళ్ళి అడిగింది. పిల్లల ముక్కులు తుడవడం, చెప్పులు వరసగా పెట్టించడం, అక్షరాలు దిద్దించడం ఆ పని. చేర్చుకున్నారు.

వారం తిరక్కుండానే పిన్ని మారిపోయింది. బడి వదిలాక ఇంటికి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా కబుర్లు మొదలుపెట్టేది. ఎవడు ఎవణ్ణి కొరికాడో, ఎవరు ఏ మాట కొత్తగా పలికారో చెప్పేది. బడి గేటు దగ్గర పిల్లలు అమ్మల చేతులు విదిలించుకుని పిన్ని దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. అంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. చూసి సంతోషించాల్సింది పోయి నేనూ అమ్మా కళ్ళు తుడుచుకునేవాళ్ళం. ఒకరోజు అన్నం తింటూ, తింటూ ఆగి, "నాకీ పని చేతకాదని తేలి ఉంటే ప్రాణం హాయిగా ఉండేదే" అంది. అని, మళ్ళీ తినసాగింది.

నాలుగు నెలలయ్యాక ఒక పిల్లవాడి తండ్రి పుస్తకం పట్టుకుని బడికి వచ్చాడు. కొడుకు రాసిన అక్షరాలన్నీ సన్నగా అల్లాడుతున్నట్టు ఉన్నాయి. పిల్లవాడికి నరాల జబ్బేమైనా ఉందేమోనని ఆయన భయం. పెద్ద టీచరు మిగతా పుస్తకాలు తెప్పించి చూసింది. తరగతిలో పద్దెనిమిది మందికీ అలాగే ఉన్నాయి. పిన్ని పలకమీద రాసి ఇచ్చిన అక్షరాన్ని పిల్లలు కళ్ళకద్దుకున్నట్టు నేర్చుకున్నారు. వణుకుతో సహా నేర్చుకున్నారు.

పెద్ద టీచరు మంచావిడ. ఎవరిముందూ ఏమీ అనకుండా, గదిలోకి పిలిచి పుస్తకాలు చూపించింది. "ఇకనుంచి మీరు కథలు చెప్పండి. అక్షరాలు వేరేవాళ్ళు దిద్దిస్తారు" అంది. పిన్ని ఆ పుస్తకాల్లో ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకుంది. పేజీలు తిప్పుతూ నాకు చూపించింది. "ఇరవయ్యేళ్ళ కింద వచ్చి ఉంటే వీళ్ళ రాత ముత్యాల్లా ఉండేది" అంది.

ఆ రోజుల్లోనే మాస్టారు ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. ఆదివారం పదింటికి. మొదటి రెండుమూడుసార్లు పిన్ని మాట్లాడింది. బాగున్నాను, బడిలో చేరాను, మీరు మందులు వేసుకోండి. అంతకుమించి మాట సాగేది కాదు. తర్వాత ఫోన్ మోగుతుంటే నా వైపు చూసి తల అడ్డంగా ఊపేది. నేను తీసి, పిన్ని ఇంట్లో లేదని చెప్పేదాన్ని.

"ఫరవాలేదమ్మా. మళ్ళీ ఆదివారం చేస్తాను" అనేవారు ఆయన.

ఒకసారి నేను ఉండబట్టలేక, "ఒక్కసారి మాట్లాడు పిన్నీ. పెద్దాయన" అన్నాను.

"ఏం మాట్లాడను? క్షమించానని చెప్పాలా? ఆయన చేసిన తప్పేముంది? ఏదో అన్నారు, మర్చిపోయారు. మర్చిపోనిది నేను" అంది. "కోపం ఉంటే పోట్లాడేదాన్ని. కోపం లేదు. ఆయన గొంతు వింటే మాత్రం తల తిరుగుతోంది."

ఏడాదికి పైగా అలా సాగింది. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. పిన్ని పదింటి నుంచి పదకొండు దాకా హాల్లోనే తచ్చాడింది. దుమ్ము లేని చోట దుమ్ము తుడిచింది. తర్వాత తనే ఫోన్ చేసింది. కూతురు తీసింది. మాస్టారు గురువారం పొద్దున పోయారు. కుర్చీలో కూర్చుని ఉండగానే. శుక్రవారం అంతా అయిపోయింది. మా నంబరు ఆయన పుస్తకంలో ఉంది గానీ, ఆ హడావిడిలో చెయ్యలేకపోయానని ఆవిడ బాధపడింది.

నెల తర్వాత ఆ కూతురే మా ఇంటికి వచ్చింది. తండ్రి వాడిన కుంచెలు పిన్నికి ఇవ్వమన్నారట, తెచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, అడగనా వద్దా అన్నట్టు కాసేపు తటపటాయించింది.

"మీరొకసారి నాన్నని ఏదో అడగడానికి వచ్చారు కదా. ఆ రోజు ఏం జరిగింది?" అంది. "మీరు వెళ్ళిన మర్నాడు అటక మీదున్న పాత డైరీలన్నీ దించమన్నారు. ఆయనకి రోజూ రాసే అలవాటుండేది, ఎవరొచ్చారు, ఏ రంగులు వాడారు అని. ఎప్పుడో ఇరవయ్యేళ్ళ కిందటి డైరీలు. నాకు చూపించి, 'ఉత్తరం అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడమ్మా' అనేవారు. మీరు చేరాక రాసినవన్నీ పేజీ పేజీ చదివించుకున్నారు నా చేత. ఎక్కడా లేదు. మళ్ళీ మొదటినుంచి చదవమనేవారు. చివరి వారం కూడా అడిగారు."

అమ్మే ఏదో సర్దిచెప్పి ఆవిడకి టీ ఇచ్చి పంపింది. ఆవిడ వెళ్ళాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. వణుకు అప్పటికి రెండో చేతికి కూడా వచ్చింది. "ఫోన్ ఎత్తాల్సింది" అంది. "వెతకడం ఆపెయ్యండి మాస్టారూ అని ఒక్క మాట అంటే పోయేది. నాకు తెలిస్తేగా." ఆ రోజు కుళాయి తిప్పలేదు. మా ఇద్దరి ముందే ఏడ్చింది.

మూడేళ్ళ కిందట నాకూ ఉద్యోగం మారాల్సిన సందర్భం వచ్చింది. ఆరేళ్ళుగా చేస్తున్న ఆఫీసు పని వదిలి, ఆసుపత్రుల్లో రోగులకి నడక నేర్పే పని చదువుకోవాలని బుద్ధి పుట్టింది. వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. అడగడానికి నాకు పిన్ని తప్ప ఎవరున్నారు? ఒక సాయంత్రం బడినుంచి తనతో నడిచి వస్తూ అంతా చెప్పాను. లాభాలు చెప్పాను, నష్టాలు చెప్పాను. "నువ్వేమంటావు పిన్నీ?" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. "నన్నడక్కు" అంది.

"నువ్వు కాకపోతే ఎవరు చెప్తారు?"

"నేను ఏదో ఒకటి అంటాను. రేపు నాకది గుర్తుంటుందో లేదో. నీకు మాత్రం ఉండిపోతుంది." కాస్త దూరం నడిచాక మళ్ళీ, "ఎన్నిసార్లయినా చెప్పు, వింటాను. ఎంతసేపైనా వింటాను. వెళ్ళు అనీ అనను, వద్దు అనీ అనను" అంది.

నాకు కోపం వచ్చింది. ఒంటరిగా వదిలేసిందనిపించింది. ఆ కోపంతోనే ఉద్యోగం మానేశాను, ఆ పనే చదివాను, ఇప్పుడు చేస్తున్నాను. అది మంచి నిర్ణయమో కాదో కొన్ని రోజులు ఒకలా, కొన్ని రోజులు ఇంకోలా అనిపిస్తుంది. పిన్ని ఎప్పుడూ అభిప్రాయం చెప్పలేదు. నేను ఇంటికి వచ్చేసరికి మాత్రం గుమ్మంలో ఉంటుంది. "ఇవాళ ఎవరు నడిచారు?" అని అడుగుతుంది. అన్నం కలుపుకోవడం ఇప్పుడు ఆవిడ చేతులకి కష్టం. నేను కలిపి నోట్లో పెడుతూ, ఆ రోజు ఎవరు ఎన్నడుగులు వేశారో చెబుతుంటాను.